జున్నులో డాక్టరు వాటా

కొత్తగా పశువైద్యశాలల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు తాండూరులో మా ఇంటికి వస్తుంటారు. ఉద్యోగం ఎలా ఉంటుంది సార్ అని అడుగుతారు. వాళ్లు అడిగేది ఎక్కువగా బదిలీల గురించి, క్వార్టర్స్ గురించి. ఆ సంగతులు నాకు తెలిసింది తక్కువ, మరిచిపోయింది ఎక్కువ. నాకు బాగా గుర్తున్నవి తిండి సంగతులే. ఈయన సర్వీసంతా తవ్వితే అడుగున ఒక గిన్నె జున్ను, ఒక ప్లేటు మేక కార్జం బయటపడతాయని మా ఆవిడ ఫాతిమా అంటుంది. అబద్ధమని అనలేను.

అయితే ఈమధ్య మన ఉద్యోగంలోకి తిండి గురించి పెద్ద చర్చే వచ్చి కూర్చుంది. పాలు తాగొచ్చా, మాంసం తినొచ్చా, పశువును పెంచి దాని దగ్గర్నుంచి తీసుకోవడం న్యాయమా అని కొత్త డాక్టర్లలో కొందరు గట్టిగానే అడుగుతున్నారు. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం అన్నీ మానేసినవాళ్లను వీగన్లు అంటారని నాకు రిటైరయ్యాకే తెలిసింది. ధారూరు దగ్గర నేను చాలాకాలం పనిచేసిన ఆసుపత్రికి కొత్తగా వచ్చిన శ్రావణి అలాంటి పిల్ల. ఒక గిన్నె జున్ను వద్దన్నందుకు ఆ అమ్మాయి ఉద్యోగమే వదిలేసుకునేదాకా వచ్చింది. ఆ కథ చెబుదామనే ఇది మొదలుపెట్టాను. మధ్యలో నా సొంత సోది కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

పాలవాళ్ల ఇంట్లో నల్ల చాయ్

పాడి ఉన్న ఇంట్లో పాలు పొంగి పొర్లుతాయని పట్నంవాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఉద్యోగంలో చేరాను. మాది పరిగి. మా నాన్న బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసేవాడు. మా ఇంట్లో కోళ్లు తప్ప వేరే జీవం లేదు. ధారూరు పక్క ఊళ్లో మొదటిసారి ఒక బర్రెకు కడుపుబ్బరం దించి, చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే ఆ ఇంటి ఇల్లాలు అనంతమ్మ చాయ్ తెచ్చింది. నల్లగా ఉంది. వాకిట్లో రెండు బర్రెలున్నాయి, డాక్టరు చాయ్‌లో పాలచుక్క లేదు. నాకు కొంచెం రోషమొచ్చింది. తీరా చూస్తే అనంతమ్మ, ఆమె మొగుడు, బడికి పోయే కొడుకు అందరూ అదే తాగుతున్నారు. పొద్దున పిండినవి పొద్దున్నే పాల కేంద్రానికి పోయాయి. సాయంత్రం పిండేవి సాయంత్రం పోతాయి. ఇంటికి మిగిలేది ఎప్పుడో ఒక గిన్నె మజ్జిగ.

వాళ్ల కంచంలో జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చిమిర్చి తొక్కు ఉండేవి. పండక్కో, చుట్టం వస్తేనో కోడి. అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు అనంతమ్మ ఇంటిల్లిపాదీ వీగన్లే. కాకపోతే ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

ఈ చర్చలోకి దిగేముందు మీరు తెలుసుకోవలసింది ఇదే. పాలు తాగేవాడు ఒకడు, బర్రెను మేపేవాడు ఇంకొకడు. మనకు రోజూ పని పడేది రెండోవాడితో. మొదటివాడి మీద కోపాన్ని తీసుకెళ్లి రెండోవాడి వాకిట్లో దించకండి.

మేకా, కూరా?

తాండూరులో పనిచేసిన రోజుల్లో నా పై అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి. మేకల్ని కోసే చోటికి పొద్దున్నే వెళ్లి, కోయకముందు మేకను, కోశాక మాంసాన్ని చూసి, బాగుంటేనే ముద్ర వేయడం మా పనుల్లో ఒకటి. ఆయన ముక్కుకు దస్తీ కట్టుకుని వచ్చేవాడు. ప్రతి మేకనూ నాలుగడుగులు నడిపించేవాడు, చెవి పట్టుకుని వేడి చూసేవాడు, కనురెప్ప తిప్పి చూసేవాడు. జబ్బు మేక ఒక్కటి కూడా ఆయన చేతి కింద నుంచి తప్పించుకుపోలేదు. మటన్ దుకాణం ఖాజా భాయ్‌కి ఆయనంటే హడల్.

పెద్దసారు సెలవు పెట్టిన రోజు నేను వెళ్లేవాణ్ణి. ఖాజా భాయ్ ముఖం వెలిగిపోయేది. మేమిద్దరం బిర్యానీకి తొడ ముక్క మంచిదా, పక్కటెముక మంచిదా అని లోతుగా చర్చించుకునేవాళ్లం. అలాంటి ఒకరోజు నేను ముద్ర ఎత్తేసరికి పెద్దసారు అనుకోకుండా వచ్చాడు. పక్కన ఆకులో చుట్టి పెట్టిన కార్జాన్ని తీసి కత్తితో చీల్చాడు. లోపల పురుగులు. అది ఖాజా భాయ్ నా కోసం దాచిపెట్టిన కార్జమని నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే ఆయనకు తెలిసిపోయింది.

"సలీం, నువ్వు పొద్దుట్నుంచి చూస్తున్నది మేకనా, కూరనా?" అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత ఖాజా భాయ్ కూడా నాకు అదే పాఠం ఇంకో రకంగా చెప్పాడు. తిననోడే గట్టిగ చూస్తడు సాబ్, మీరు చూస్తుంటె మీ నోట్ల నీళ్లూరుతయి అన్నాడు. మనం తినేదానికీ మన పనికీ లంకె పెట్టకూడదని అలా నేర్చుకున్నాను. ఇది శ్రావణి విషయంలో పనికొస్తుందని అప్పుడు తెలియదు.

రెండు అలవాట్లు

ధారూరు పక్క ఊళ్లలో రెండు అలవాట్లు ఉండేవి. బర్రె ఈనాక దూడ వెనకాల వచ్చే మాయ పడేదాకా దూడను పాలకు వదలరు. దూడ తాగితే మాయ లోపలే ఉండిపోతుందని భయం. నిజానికి దూడ పొదుగు చీకితే మాయ తొందరగా పడుతుంది. పుట్టిన గంటా రెండు గంటల్లో ముర్రుపాలు కడుపులో పడకపోతే దూడకు రోగాన్ని తట్టుకునే బలం రాదు. ఈ ముక్క నేను సర్వీసంతా చెప్పాను. తెలుగులో చెప్పాను, ఉర్దూలో చెప్పాను, అటు సరిహద్దు ఊళ్లలో వచ్చీరాని కన్నడంలో చెప్పి నవ్వులపాలయ్యాను. గోడల మీద బొమ్మలు అతికించాను. ఆడవాళ్లు తలూపుతూ శ్రద్ధగా వినేవాళ్లు. నేను అటు పోగానే దూడను గుంజకు కట్టేసేవాళ్లు.

రెండో అలవాటు, కష్టమైన కాన్పు చేసిన డాక్టరుకు ఆ ముర్రుపాల జున్నులో వాటా పెట్టడం. వాటా పెట్టకపోయినా, పెట్టింది డాక్టరు కాదన్నా బర్రె పొదుగు ఎండిపోతుందని వాళ్ల నమ్మకం. మొదటి అలవాటును నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ తిట్టాను. రెండోదాని మీద నోరెత్తలేదు, ఎందుకంటే ఆ టైములో నా నోట్లో జున్ను ఉండేది. బెల్లం, మిరియాలు వేసి, ఆవిరి మీద ఉడికించి, చాకుతో కోస్తే కొంచెం వణికే జున్ను. దాని గురించి ఇంకా రాస్తే మీరు నా మాటలు నమ్మడం మానేస్తారు.

శ్రావణి వికారాబాద్ పిల్ల, రోజూ రైల్లో వచ్చిపోయేది. చదువుకునే రోజుల్లో ఒక పెద్ద డెయిరీలో మగదూడల్ని పాలకు దూరంగా ఓ మూల కట్టేసి ఉంచడం చూసిందట. ఆ రోజు నుంచే పాలు మానేసింది. ధారూరుకు వచ్చిన కొత్తలో అనంతమ్మ బర్రెకు కాన్పు అడ్డం తిరిగింది. దూడ ముందుకాలు వెనక్కి మడుచుకుని ఉంటే శ్రావణి భుజందాకా చెయ్యి పెట్టి, కాలు సరిచేసి, ప్రాణంతో బయటికి తీసింది. అనంతమ్మ ఇప్పుడు ముసలిది. మొగుడు పోయాడు, కొడుకు తాండూరులో బండలు పాలిష్ పట్టే కార్ఖానాలో పని చేస్తాడు. ఆమె పనిగట్టుకుని స్టీలు డబ్బాలో జున్ను పెట్టుకుని ఆసుపత్రికి నడిచి వచ్చింది.

శ్రావణి దండం పెట్టి, నేను పాలు ముట్టను అవ్వా అంది. ఏ దేవుని ఒక్కపొద్దు బిడ్డా అని అనంతమ్మ అడిగింది. ఒక్కపొద్దు అని ఉంటే అక్కడితో అయిపోయేది. మొక్కు అన్నా సరిపోయేది. శ్రావణి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ పాలు దూడవి, నేను తాగను అని.

కొద్ది రోజులకే ఆ బర్రెకు పొదుగువాపు వచ్చింది. శ్రావణే మందు వేసి నయం చేసింది గానీ ఆ పొదుగులో ఒక చన్నుకు పాలు తగ్గిపోయాయి. ఇంకేం కావాలి? వాటా కాదన్న డాక్టరమ్మ అని ఊరూరా పేరు పడింది. జనం పశువుల్ని ట్రాలీ ఆటోల్లో ఎక్కించుకుని ఆసుపత్రి ముందు నుంచే వికారాబాద్ పోసాగారు. చదువు లేకపోయినా సూదులు వేసే మనిషి ఒకడికి గిరాకీ పెరిగింది. శ్రావణి ఖాళీ ఆసుపత్రిలో ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

మా ఇంట్లో పంచాయితీ

ఒక ఆదివారం శ్రావణి మా ఇంటికి వచ్చింది. దుకాణం కొడుకుకు అప్పగించి తీరిగ్గా ఉన్న ఖాజా భాయ్ కూడా అప్పుడే వచ్చి కూర్చున్నాడు. ఫాతిమా తనంతట తానే ఆ పిల్లకు పాలు లేని చాయ్ పెట్టింది. నాకూ ఖాజా భాయ్‌కీ చిక్కటి పాల చాయ్.

శ్రావణి కప్పు అందుకుంది. తాగకముందే అంది.

"రాజీనామా చేద్దామనుకుంటున్న సార్. పాలు తీసుడే తప్పనుకునే మనిషి పాడి బర్రెలకు డాక్టరుగ ఉండొద్దు గద."

అట్లా మొదలైంది చర్చ. మగదూడకు పాలు దండగని కడుపు మాడుస్తారు, అది చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెడతారు, తల్లి దాన్ని నాకుతూ పాలు చేపుతుంది, ఇది చూసి కూడా మీరు చాయ్ ఎలా తాగుతారు అని శ్రావణి అడిగింది. నేను కప్పు కింద పెట్టాను. గడ్డి దూడను నేను చూశాను, ఒక్కటి కాదు. చాయ్ చల్లారిపోతుందని మళ్లీ కప్పు ఎత్తాను.

నావైపు నుంచి నేనూ వాదించాను. అనంతమ్మ చేను జానెడు మట్టి, కింద అంతా బండ. ఆ మట్టికి కంది పండే సత్తువ బర్రె పేడ వల్లే వస్తుంది. కంది ఏడాదికోసారి చేతికొస్తుంది, బర్రె రోజూ ఆదుకుంటుంది. ఆ బర్రెను విప్పేస్తే ఆ ముసలామె ఏం తినాలని అడిగాను. శ్రావణి తగ్గలేదు. నేను అనంతమ్మను అనట్లేదు సార్, వందల బర్రెల్ని షెడ్లలో నింపి పెట్టినోళ్ల సంగతేంటి అంది. ఆ షెడ్ల గురించి నాకూ మంచి అభిప్రాయం లేదని ఒప్పుకున్నాను.

ఖాజా భాయ్ అంతసేపూ గడ్డం నిమురుకుంటూ విన్నాడు. అందరూ నన్నే పాపాత్ముడంటరు గానీ మా పని ఒక్క నిమిషంల అయిపోతది, పాలోళ్లు ఏండ్లకేండ్లు సతాయిస్తరు, ఇప్పుడు చెప్పండి ఎవరు నయం అన్నాడు. శ్రావణి ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఫాతిమా లోపలినుంచి పప్పు చల్లారుతోందని పిలిచింది. జొన్నరొట్టె, నూనె తాలింపు వేసిన కందిపప్పు. కసాయి, వీగను, పశువుల డాక్టరు, ఆయన పెళ్లాం, నలుగురం ఒకే కూడు తిని లేచాం. ఎవరూ గెలవలేదు.

వెళ్లేటప్పుడు పెద్దసారు కథ చెప్పాను. బర్రె ఎన్నడూ డాక్టరు ఏం తిన్నదని అడగదు బిడ్డా, అడిగేది మనుషులే, వాళ్లతోనే తేల్చుకోవాలి అన్నాను. ఈసారి జున్ను ఇస్తే ఒక్క ముక్క నాలుక మీద పెట్టుకుని పని కానిచ్చేయమని సలహా కూడా ఇచ్చాను. అది అబద్ధమైతది సార్ అంది. నాకు ఒళ్లు మండింది. ఇంత మొండితనంతో ఈ పిల్ల ఏ ఊళ్లోనూ నెగ్గదనుకున్నాను.

పలక మీద నేను

కొంతకాలానికి అనంతమ్మ నుంచి ఫోను. ఆమె రెండో బర్రె తొలిచూలుది, తెల్లవారినప్పటి నుంచి ముక్కుతోంది, ఉమ్మనీటి తిత్తి కూడా కనబడట్లేదు. సూదుల మనిషి వచ్చి చూసి, చేతకాక వెళ్లిపోయాడట. "ఆ పిల్ల వద్దు సారు, మీరే రాండ్రి" అంది. నా భుజంలో ఇప్పుడు అంత సత్తువ లేదు. ఆ పిల్లతో అయితేనే వస్తానని చెప్పి రైలెక్కాను.

శ్రావణి నాకంటే ముందే వాకిట్లో ఉంది. చెయ్యి పెట్టి చూసి, గర్భసంచి మెలి తిరిగింది సార్ అంది. దానికి మందు లేదు. బర్రెను పక్కకు పడుకోబెట్టి, కాళ్లు తాళ్లతో కట్టి, డొక్క మీద వాలుగా ఒక చెక్క పలక వేసి, దాని మీద మనిషి నిలబడి ఉండగా బర్రెను మెలి ఉన్న వైపే దొర్లించాలి. లోపలి దూడ కదలకుండా పలక ఆపుతుంది, తల్లి ఒళ్లు తిరుగుతుంది, మెలి విడిపోతుంది. తాళ్లు లాగడానికి బలమైన మనుషులు కావాలి. శ్రావణిని కాదని వికారాబాద్ ఆటోలెక్కినవాళ్లే వచ్చి తాళ్లు పట్టుకున్నారు. పలక మీద నిలబడడానికి మాత్రం మంచి బరువున్న మనిషి కావాలి. అందరూ నా వైపు చూశారు. సర్వీసంతా తిన్న జున్ను ఆ రోజు పనికొచ్చింది.

మొదటిసారి దొర్లిస్తే మెలి విడలేదు, నేను మాత్రం పలక మీంచి పేడలో పడ్డాను. రెండోసారి శ్రావణి చెయ్యి లోపల పెట్టి చూసి, తిరిగింది సార్ అంది. ఇంకాసేపటికి దూడ బయటికొచ్చింది. బతికే ఉంది. అనంతమ్మ వంగి చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. దున్నపోతు.

ఆమె దూడను గుంజకు కట్టించి, చెంబులోకి ముర్రుపాలు పిండింది. తర్వాత శ్రావణి ముందుకు వచ్చి నిలబడింది.

"ఈసారన్న జున్ను తింటవా బిడ్డా? తినకపోతె ఇప్పుడే చెప్పు. గీ బర్రె గూడ ఎండిపోతె నా బతుకేం గావాలె?"

ఆ ముసలామెకు నిజంగా భయమేసింది, గొంతులో తెలుస్తూనే ఉంది. ఒప్పుకో అని నేను కళ్లతో సైగ చేశాను. శ్రావణి మళ్లీ వద్దంటే ఇక ఆ ఊళ్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడా ఆమెకు పని ఉండదు.

"నా వాటా ఉన్నదా అవ్వా?" అని అడిగింది శ్రావణి.

"ఎందుకుండది? చెయ్యి పెట్టి పానం నిలబెడితివి. వాటా నీదే."

"అయితె జున్ను చెయ్యకు. నాకు రైలు టైమైతున్నది. పచ్చి పాలే ఇయ్యి."

అనంతమ్మ ముఖం విప్పారింది. చెంబు చేతికిచ్చింది. శ్రావణి ఆ చెంబు తీసుకుని దూడ పక్కన నేల మీద చతికిలబడింది. వేళ్లు పాలల్లో ముంచి దూడ నోట్లో పెట్టింది. అది వేళ్లు చీకడం మొదలుపెట్టగానే మూతిని మెల్లగా చెంబులోకి వంచింది.

తాళ్లు పట్టిన వాళ్లలో ఒకడు మాయ ఇంకా పడలేదని గొణిగాడు. అనంతమ్మ ఆపడానికి చెయ్యెత్తింది. శ్రావణి తలెత్తకుండానే అంది.

"నా వాటా అవ్వా. నాకిష్టమున్నోళ్లకు తాపుకుంట."

అనంతమ్మ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. బర్రె వైపు చూసింది, దూడ వైపు చూసింది. దూడ పొదుగు ముట్టలేదు. పాలు చెంబులో ఉన్నాయి. చెంబు డాక్టరుది. కాసేపటికి చెయ్యి దించి, "అవి నా పాలు గావు, డాక్టరమ్మ పాలు. నేనేమంట?" అంది.

దూడ చెంబు ఖాళీ చేసి తుమ్మింది. సాయంత్రానికి మాయ పడిందని అనంతమ్మే ఫోను చేసి చెప్పింది. బర్రె పాలు తగ్గలేదు. వాటా ముట్టింది కదా మరి.

నా వాటా

ఇప్పుడా ఊళ్లలో బర్రె ఈనితే డాక్టరమ్మ వచ్చేలోపే చెంబెడు పాలు దూడకు పోస్తున్నారు. దానికి డాక్టరమ్మ వాటా అనే పేరు. నేను బొమ్మలు అతికించి, మూడు భాషల్లో గొంతు చించుకుని చేయలేనిది ఆ పిల్ల తన మొండితనంతో చేసింది. నాకు సంతోషమే, కొంచెం కడుపుమంట కూడా. అంతా బాగుపడిందని మాత్రం అనుకోకండి. మాయ పడేదాకా దూడను కట్టేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. షెడ్లు పెరుగుతూనే ఉన్నాయి. శ్రావణి పాలు ముట్టలేదు, నేను మానలేదు, ఖాజా భాయ్ తానే నయమంటున్నాడు. ఆదివారం పంచాయితీ నడుస్తూనే ఉంది. రాజీనామా మాట మాత్రం మళ్లీ రాలేదు.

మొన్న అనంతమ్మ పెద్ద బర్రె ఈనిందని తెలిసి, ఊరికే చూసొస్తానని ఫాతిమాకు చెప్పి ధారూరు రైలెక్కాను. ఊరికే అన్న మాట ఆమె నమ్మలేదు.

వాకిట్లో ఒక పెద్ద దూడ నల్లగా నిగనిగలాడుతూ వచ్చి నా చేతిసంచి వాసన చూసింది. నేను పలక మీద నిలబడితే పుట్టిన దున్నపోతు. నా సర్వీసులో అలాంటి దూడలు ఎక్కువగా గడ్డి కూరిన తోళ్లుగానే మిగిలాయి. ఇదింకా ఉందా అనంతమ్మా అని అడిగాను.

"డాక్టరమ్మ వాటా తాగిన జీవి గద సారు. దాని కడుపెట్ల మాడుస్తం?"

నేను దాని మెడ మీద చెయ్యి వేసి తట్టాను. తర్వాత అరుగు మీద కూర్చుని, వంటింటి వైపు చూశాను. ఆవిరి వాసన ఏమీ రావట్లేదు. అనంతమ్మ ఒక కప్పు తెచ్చి ఇచ్చింది. నల్ల చాయ్. సిగ్గు విడిచి, జున్ను చెయ్యలేదా అని అడిగేశాను.

ఆమె మూల కట్టేసిన కొత్త దూడను చూపించింది.

"మీ వాటాగూడ దానికే పోసిన సారు. మీరు గూడ డాక్టరే గద."